మేక ముట్టని మొక్క

మీ మాటలకు చప్పట్లు కొట్టిన మనిషి ఇంటికి పోయి ఏం చేశాడో మీరెప్పుడైనా వెళ్ళి చూశారా?

నేను చూశాను. వెళ్ళేసరికి ఆలస్యమైంది. ఆసుపత్రుల్లో, ప్రయోగశాలల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల కోసం ఆ సంగతి రాస్తున్నాను. చదివి నన్ను ఓదార్చవద్దు. ఓదార్పు నాకు అవసరం లేదు, దానివల్ల మీకు లాభమూ లేదు.

నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. రక్తం, కండ ముక్కలు, గాజు పలకలు, రంగు సీసాలు, ఇదే నా బతుకు. సెలవు రోజుల్లో ఇంకో పని ఉండేది. మేం కొందరం కలిసి మూఢనమ్మకాలకు ఎదురుగా సభలు పెట్టేవాళ్ళం. తాయెత్తులు కట్టేవాళ్ళను, సోది చెప్పేవాళ్ళను, బూడిదతో రోగం తీస్తామనేవాళ్ళను బహిరంగంగా చర్చకు పిలిచేవాళ్ళం. వాదించడం నాకు ఇష్టం. గెలవడం ఇంకా ఇష్టం. ఈ రెంటికీ తేడా ఉందని ఆ వయసులో నాకు ఎవరైనా చెప్పినా వినేవాణ్ణి కాదు.

డెబ్బైల చివర, ఒక చలికాలంలో, పాకాలలో రైలు పట్టాలు సరిచూసే గ్యాంగ్‌మన్ ఒకతను తన చెల్లెల్ని మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే ఆ పిల్లను పెంచింది అతనే. ఆమెకు ఇరవై రెండేళ్ళు. మామిడి కాలంలో చిత్తూరు దగ్గర గుజ్జు తీసే కార్ఖానాలో కాయలు కోసే పని. మెడకు ఎడమవైపు మూడు గడ్డలు, నొప్పి లేనివి, తాకితే రబ్బరులా ఉండేవి. ఏడాదిపాటు తాయెత్తులవాడి చుట్టూ తిరిగారు. ఒకనాడు పాకాల స్టేషను బయట మేం సభ పెడితే అన్న విన్నాడు. మర్నాడే తాయెత్తు తెంపేసి చెల్లెల్ని రైలెక్కించాడు. నా మాటతో మారిన మనిషిని నేను కళ్ళారా చూడడం అదే మొదలు. కనబడినవాళ్ళందరికీ అతన్ని చూపించి చెప్పుకున్నాను.

గడ్డలోంచి తీసిన ముక్క నా బల్ల మీదికి వచ్చింది. మైనంలో పోసి, పలచగా కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. మామూలు కణాల మధ్య అక్కడక్కడ పెద్ద కణాలు, ఒక్కోదానిలో రెండేసి కేంద్రకాలు, గుడ్లగూబ మన వైపే చూస్తున్నట్టు. మద్రాసులో చదివి వచ్చిన మా డాక్టరు చాలాసేపు చూసి తల ఎత్తాడు.

"లింఫు గ్రంథుల క్యాన్సర్. పదేళ్ళ కిందటైతే ఓదార్చి పంపేవాణ్ణయ్యా. ఇప్పుడు నాలుగు మందులు కలిపి ఇస్తున్నారు. కొత్త పద్ధతి. పూర్తిగా నయమైనవాళ్ళు ఉన్నారు. కానీ ఆరు నెలలు, ఒక్క విడత కూడా తప్పకూడదు. గడ్డ కనబడకుండా పోయినా లోపల మిగిలే ఉంటుంది."

ఆ నాలుగింటిలో ఒకటి బిళ్ళగన్నేరు నుంచి తీసిన మందు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు ఏర్పడి దాన్ని రెండు పక్కలకూ లాగుతాయి. ఈ మందు ఆ దారాలను కట్టనివ్వదు. అందుకే వేగంగా పెరిగే క్యాన్సర్ కణం చస్తుంది. అందుకే వెంట్రుకలూ రాలతాయి, తెల్లకణాలూ తగ్గుతాయి. మందు మద్రాసు నుంచి రైల్లో వచ్చేది. చల్లగా ఉంచాలి. స్టేషనుకు ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కు పట్టుకుపోయి తెచ్చే బాధ్యత మా అటెండరుది.

ఆయన నుదుటి మీద నామం నా చేతి వేలంత వెడల్పుండేది. పొద్దున లేస్తే మా ఇద్దరికీ వాదన. "ఫ్లాస్కు తెచ్చేటప్పుడు గోవింద కొట్టావా?" అని నేను అడిగేవాణ్ణి. "కొట్టినా. లేకుంటే ఐసు కరిగిపోయుండు" అనేవాడు.

ప్రతి విడతకు ముందు ఆ పిల్ల తెల్లకణాలు నేను లెక్కపెట్టాలి. మరీ తగ్గితే సూది వాయిదా వేయాలి. ఆమె ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి అడిగేది.

"నా కోడిపిల్లలు ఎన్నుండాయి సార్ ఈ పొద్దు?"

"బాగానే ఉన్నాయమ్మా."

"గద్ద రాలేదు గదా?"

"రాలేదు. పో, డాక్టరు దగ్గరికి పో."

సూది పడ్డాక నాలుగు రోజులు వాంతులు. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. రెండో నెలలో ఆమె కొండకు పోయి మిగిలింది కూడా తీయించుకొని వచ్చింది. మా అటెండరు పొంగిపోయాడు. నేను మండిపడ్డాను.

"మొక్కు తీర్చుకున్నావా?"

"మొక్కూ లేదు ఏం లేదు సార్. తిరప్తిలో గుండుని ఎవురూ ఎందుకని అడగరు. పాకాలలో అడగతారు. కొండకి పోయినా అంటే ఇంగ నోరెత్తరు."

మా అటెండరు మూడు రోజులు నవ్వాడు.

మూడు విడతలయ్యేసరికి గడ్డలు చేతికి తగలకుండా పోయాయి. డాక్టరు మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. సరిగ్గా ఆ రోజుల్లోనే చిత్తూరులో మా సభ జరిగింది.

కోర్టుల దగ్గర ఒక హాలు. ఎదుటి పక్షం అక్కడ పేరున్న నాటువైద్యుడు, ముసలాయన, మంచి గొంతు. మొదట ఆయనే మాట్లాడాడు.

"ఇంగ్లీసు మందంటే విసమబ్బా. ఎంటికలు రాలిపోతాయి, తిన్నదంతా కక్కుకుంటారు. మన సెట్టూ సేమలో లేంది ఏముండాది ఆ సూదిలో?"

నేను ఆ మాట కోసమే కాచుకొని ఉన్నాను. హాలు గోడ పక్కన కోసుకొచ్చిన పువ్వు జేబులోంచి తీసి ఎత్తి చూపించాను.

"ఇదేం పువ్వు?"

"బిళ్ళగన్నేరు!" అన్నారు కొందరు. "నిత్యకల్యాణి!" అన్నారు తమిళం వైపు ఊళ్ళవాళ్ళు.

"ఈయన విషమంటున్న ఇంగ్లీషు మందు ఇదే! ఈ మొక్కే ఆ మందు! మన గోడ పక్కన మొలిచేదాన్ని మంత్రాలు చదివినవాడెవడూ కనిపెట్టలేదు. పరీక్షలు చేసినవాళ్ళు కనిపెట్టారు!"

చప్పట్లు. వైద్యుడు కదల్లేదు. చప్పట్లు ఆగేదాకా ఆగి, నెమ్మదిగా అడిగాడు.

"సరేనప్పా. ఈ మొక్కే ఆ మందైతే ఇది మా పెరట్లో గూడా ఉండాది. నేను కాసి ఇస్తే తప్పేముండాది? నువ్విస్తే సైన్సు, నేనిస్తే మోసమా?"

ఇది అసలైన ప్రశ్న. జవాబు నాకు తెలుసు. బండ్లకొద్దీ ఆకు నుంచి చిటికెడు కూడా రాదు ఆ మందు. దాన్ని విడదీయాలి, శుద్ధి చేయాలి, మనిషి బరువును బట్టి తూచాలి, నేరుగా నరంలోకి ఎక్కించాలి. ఆకులో ఆ ఒక్కటే ఉండదు, ఒంటికి చేటు చేసేవీ ఉంటాయి. కాచి తాగితే ఏది ఎంత పోతుందో ఎవడికీ తెలియదు. పైగా మిగిలిన మూడు మందులు ఆ మొక్కలో లేనే లేవు. పది నిమిషాలు ఓపికగా చెప్పాల్సిన మాట. కానీ హాలంతా వేడెక్కి ఉంది. పది నిమిషాల వివరణ ఆ వేడిని చల్లారుస్తుందని నాకు తెలుసు.

"మీ మేకనడగండి సామీ! పెరట్లో అన్నీ తింటుంది గానీ దాన్ని ముట్టుకోదు. మీకంటే దానికే వైద్యం బాగా తెలుసు!"

హాలు విరగబడి నవ్వింది. ముసలాయన కండువా దులుపుకొని దిగిపోయాడు. తిరుపతి బస్సులో మావాళ్ళు ఆ మేక మాటనే మళ్ళీ మళ్ళీ చెప్పించుకొని నవ్వారు. నేనూ నవ్వాను.

తరువాత విడతకు ఆ పిల్ల రాలేదు. మందు వచ్చింది, ఐసు కరిగింది, మనిషి రాలేదు. మామిడి కాలం మొదలైంది కదా, ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుందేమో అనుకున్నాను. మా సంఘం పత్రికకు చిత్తూరు చర్చ గురించి వ్యాసం రాసే పనిలో ఉన్నాను అప్పుడు. దాని తరువాతి విడత రోజు కూడా దాటిపోయింది.

"కోడిపిల్లల పాప రాలేదే?" అన్నాడు అటెండరు.

"వస్తుందిలే. వాళ్ళన్న మనవాడే."

"నీ మనిషైతే పోయి సూడకూడదా?"

అప్పటికీ కదల్లేదు. వ్యాసం అచ్చయ్యాక కదిలాను. చివరికి ఒక ఆదివారం పాకాల రైలెక్కాను. అటెండరు అడిగిన రోజుకూ ఆ ఆదివారానికీ మధ్య మూడు వారాలు. ఇది నేను ఎవరూ అడగకుండానే చెబుతున్నాను. రాసిపెట్టుకోండి.

రైలు క్వార్టర్ల వెనక వాళ్ళ ఇల్లు. అన్న నన్ను చూసి పరుగెత్తుకుంటూ ఎదురొచ్చాడు.

"రా సార్, రా! ముందు ఇది సూడు."

ఇంటి పక్కన నేలంతా చదును చేసి, వరసలు తీసి, బిళ్ళగన్నేరు నాటాడు. తెల్లవీ గులాబీరంగువీ విరగబూసి ఉన్నాయి. పట్టాల పక్కన రాళ్ళు పేర్చే చేయి అది. వరసలు దారం పట్టినట్టున్నాయి.

"వొగటి గూడా సావలా సార్. మేకలు తిరిగే జాగా ఇది. అయినా కంచె వెయ్యలా. మేక ముట్టదని నువ్వే చెప్తివి గదా!" అని, నేను కూడా నవ్వుతానని నా మొహం చూశాడు.

నేను సూది సంగతి అడిగాను.

"అదేంది సార్, ఈ మొక్కే ఆ మందని నువ్వే గదా చెప్పినావు? ఆ మద్రాసు మందుకి పోతే నాలుగు దినాలు పండుకుంటాది. కార్ఖానాకి పొయ్యేదానికి లేదు. ఇదైతే పొద్దున వొగ గలాసు, సందకాడ వొగ గలాసు. కక్కేది లేదు. ఎంటికలు గూడా వస్తా ఉండాయి సూడు!"

నయమవుతోందనడానికి అతను గుర్తుగా చూపించినదే నన్ను భయపెట్టింది. వెంట్రుకలు వస్తున్నాయంటే ఒంట్లో మందు లేదు.

ఆమె వసారాలో కూర్చొని ఉంది. మామిడి కోసిన చేతులు నల్లబడి ఉన్నాయి. వారం నుంచి జ్వరం, పనికి పోలేదు. మెడకు పమిట చుట్టుకుంది. తీసి చూపించమన్నాను. గడ్డలు తిరిగి వచ్చాయి. ఈసారి రెండు పక్కలా.

నేను అన్న వైపు తిరిగి అరిచాను. "ఒక్క మాట నన్ను అడగొద్దా? రైలెక్కితే గంటన్నర! అడగొద్దా?"

అతను బిత్తరపోయాడు. "చిత్తూరులో నా ముందరే ఆ వైద్యుడు అడిగినాడు గదా సార్. నేను కాసి ఇస్తే తప్పేముందని. నువ్వు తప్పని చెప్పలా. నగిస్తివి అంతే. తప్పైతే నువ్వు ఇడిసిపెట్టవని అనుకుంటి."

అప్పుడు చెప్పాను, చిత్తూరులో చెప్పాల్సినదంతా. బండ్లకొద్దీ ఆకు, చిటికెడు మందు, తూకం, నరం, మిగిలిన మూడు మందులు. ఇద్దరూ విన్నారు. తరువాత ఆమె అంది.

"ఆ పొద్దు నేను గూడా ఆడనే ఉన్నా సార్. కార్ఖానా ఆడోళ్ళమంతా వచ్చినాం. నేను గూడా నగినా."

నేను లేచి, సాయంత్రం బండి ఎన్నింటికని అన్నను అడిగాను.

"నా కోడిపిల్లల్ని మళ్ళా లెక్కబెడతారా సార్?" అంది.

అదే రోజు సాయంత్రం బండికి ముగ్గురం తిరుపతి వచ్చాం. డాక్టరు మందులు మళ్ళీ మొదలుపెట్టాడు. మొదట గడ్డలు తగ్గాయి, తరువాత మందుకు లొంగడం మానేశాయి. వేరే మందులు తెప్పించాడు, గడ్డలకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించడానికి మద్రాసు పంపాడు. ప్రతిసారీ నేనే లెక్కపెట్టాను. కొన్ని రోజులు ఆమె కిటికీ దగ్గరికి రాలేక అన్నను పంపి అడిగించేది. మళ్ళీ మామిడి పూత రాకముందే పోయింది.

డాక్టరును ఒకసారి అడిగాను, నావల్లనేనా అని. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మందు తప్పకుండా వేసుకున్నవాళ్ళకు కూడా కొందరికి తిరగబెడుతుందయ్యా. నీవల్లనే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను." రుజువు లేని మాటను నమ్మనివాణ్ణి నేను. నా తప్పు ఎంతో తేల్చే రుజువు ఎప్పటికీ దొరకదు. దానితోనే ఇన్నేళ్ళూ బతికాను.

మా సంఘంలో ఈ సంగతి చెబితే ఒకాయన తల ఆడించి, "ఏం చేస్తాం, ప్రజల అజ్ఞానం" అన్నాడు. ఆ రోజు నేను అతని మీదికి లేచాను. ఇప్పటికీ లేస్తాను. ఆ గ్యాంగ్‌మన్ తాయెత్తు తెంపాడు. సభకు వచ్చాడు. నిలబడి విన్నాడు. నా వాక్యాన్ని అక్షరం జారకుండా ఆచరణలో పెట్టాడు. మా శిష్యుడు ఎలా ఉండాలని మేం కోరుకున్నామో అలాగే ఉన్నాడు. తప్పుడు వాక్యం చెప్పింది నేను, అజ్ఞానం అతనిదా? మంత్రగాడు "నమ్ము" అని చెప్పి వదిలేస్తాడు. నేను "ఇదే మందు" అని చెప్పి వదిలేశాను. నా చేతిలో విబూది లేదు, అంతే తేడా.

మా అటెండరు మాత్రం వాదించలేదు. ఒక మధ్యాహ్నం నా బల్ల పక్కన కూర్చొని అన్నాడు. "చిన్నప్పుడు మా అయ్యవారు పాశురాలకు సంత చెప్పేవాడు. ఆయన వొకసారి అంటే మేం రెండుసార్లు అనాల. మా నోట సరిగ్గా వచ్చిందాకా లేవనిచ్చేవాడు కాదు. నువ్వేమో చెప్పేసి, సప్పట్లు కొట్టించుకొని, బస్సెక్కతావు."

నామం పెట్టుకున్నవాడి దగ్గర నేను నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం అది. మిగిలిన ఉద్యోగమంతా దానిమీదే నడిచింది. మందు గురించి ఎవరికి చెప్పినా వాళ్ళ నోట తిరిగి చెప్పించుకునేవాణ్ణి. సగంమందికి పైగా మొదటిసారి తప్పు చెప్పేవాళ్ళు. తప్పు వాళ్ళ చెవిలో ఉండేది కాదు, నా వాక్యంలో ఉండేది.

కొన్ని నెలలకు ఆ అన్న మా ల్యాబ్‌కు వచ్చాడు. మొక్కలన్నీ పీకేశానని చెప్పి, "అదే హాల్లో, ఆ పెద్దాయన అడిగిందానికి జవాబు చెప్పు సార్. నేనూ వస్తా" అన్నాడు.

చెప్పాను. ఈసారి జనం లేరు. ముందు వరసలన్నీ ఖాళీ. చర్చ లేదంటే ఎవరొస్తారు? పది నిమిషాల జవాబు పది నిమిషాలూ చెప్పాను. తరువాత ఆ అన్న లేచి, నేను చెప్పినదంతా తన మాటల్లో తిరిగి చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. చెల్లెలి సంగతీ చెప్పాడు. నా పేరెత్తలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

చివరి వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. ఆ నాటువైద్యుడే.

"ఇది ఆ పొద్దే చెప్పింటే బాగుండు గదప్పా," అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నేనూ నలుగురికి కాసి ఇస్తిని. నువ్వు చెప్పిన మాటే నమ్మి ఇస్తిని."

గ్యాంగ్‌మనే ముందు తేరుకున్నాడు.

"ఏ ఊర్లోళ్ళు తాతా? చెప్పు."

కాగితం మీద నాలుగు ఊళ్ళు రాసుకున్నాం. మరుసటి ఆదివారం మేం ముగ్గురం, ఆ ముసలాయన, అతను, నేను, బస్సులు మారుతూ నాలుగు ఇళ్ళకూ పోయాం. రెండు ఇళ్ళలో మనిషి అప్పటికే పోయాడు. మిగిలిన రెండు ఇళ్ళ నుంచి ఇద్దరిని తిరుపతికి తీసుకొచ్చాం. "నా సేతి మందు మానెయ్యండి" అని ఆ ముసలాయన తన నోటితో చెబితేనే వాళ్ళు కదిలారు. నేను చెబితే కదిలేవాళ్ళు కారు.

ఇప్పుడు మీ చేతుల్లో మాకు కలలో కూడా లేని మందులున్నాయి. రోగి రక్తంలోని కణాలనే బయటికి తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తున్నారు. చదువుతుంటే నా కళ్ళు చెమరుస్తాయి, ఆ పిల్ల గుర్తొస్తుంది. కానీ మీరు దాన్ని ఒక్క వాక్యంలో కుదించి చెప్పిన రోజు, రక్తం ఎక్కించుకుంటే క్యాన్సర్ పోతుందట అని ఒక అన్న తన చెల్లెలితో చెబుతాడు. అతను మూర్ఖుడు కాడు. మీ మాట జాగ్రత్తగా విన్నవాడు.

కాబట్టి ఇది చదివి పక్కన పెట్టేయండి. ఈ వారం మీరు ఎవరికి మందు గురించి చెప్పారో మీ రిజిస్టరులో చూడండి. ఊరు, వీధి అందులో ఉంటాయి. లేచి ఆ ఇంటికి వెళ్ళండి. "నేనేం చెప్పానో నువ్వు చెప్పు" అని అడగండి. ఆ మనిషి చెప్పడం పూర్తయ్యేదాకా నోరు తెరవకండి.